మాధవరం పిండి పంపు

ఒళ్లో మోచేతంత లావు రబ్బరు గొట్టం పెట్టుకుని సిటీ బస్సులో కూర్చుంటే చుట్టుపక్కల వాళ్లు ఎంతసేపని ఊరుకుంటారు? మైలాపూరులో ఎక్కినప్పటి నుంచి నా పక్కనున్న పెద్దాయన దాని వంకే చూస్తున్నాడు. సెంట్రల్ దాటాక ఇక ఉండబట్టలేక, అదేమైనా ఏనుగు తొండమా అని తమిళంలో అడిగాడు. ఇడ్లీ పిండి పోయే గొట్టమని చెప్పాను. "ఇడ్లీకి ఇంత పెద్ద గొంతా!" అని నవ్వాడు. తన స్టాపు రాగానే కిటికీ పక్క చోటు నాకు అప్పగించి దిగిపోయాడు. బయట కార్తీక మాసపు తుంపర. కిటికీ అద్దం సగం విరిగి ఉన్నా, జల్లు అవతలి వైపు నుంచి కొడుతోంది కాబట్టి నేను తడవలేదు.

నా ఉద్యోగ జీవితమంతా మనలి ఫ్యాక్టరీలలో పంపులు బాగుచేయడంతో గడిచింది. రిటైరైన కొంతకాలానికి నా భార్య కస్తూరి పోయింది. అప్పటి నుంచి, పంపులు అమ్మే ప్రేమ్‌నాథ్ తన మనుషులకు అంతుబట్టని జబ్బేదైనా ఎదురైతే నాకు ఫోను చేస్తుంటాడు. సరిగ్గా నాకు వంట చేసుకోవాలంటే బద్ధకంగా ఉన్న రోజునే ఆ ఫోను వస్తుంది. అతనికి ఎలా తెలుస్తుందో నేనెప్పుడూ అడగలేదు.

ఈసారి అతని గొంతు దిగులుగా ఉంది.

"మాధవరంలో ఇడ్లీ పిండి కంపెనీ సార్. పెట్టినప్పటి నుంచి పంపు జమ్మని నడిచింది. దీపావళి అయినాక ఏం దిష్టి తగిలిందో, గొట్టం పోయింది. మావాళ్లు పోయి కొత్తది వేసినారు. ఇప్పుడు అదీ అదే దారి పట్టింది. ఓనరమ్మ పంపు వాపసు తీసుకోమంటా ఉండాది. ఇంకొక్క గొట్టం ఇస్తాను, మీరు పోయి చూడండి. మీకూ అంతు దొరక్కపోతే నేనే బండి పంపించి పంపును తెచ్చేసుకుంటాను."

మాధవరంలో మెట్రో పనుల కోసం రోడ్డంతా తవ్వి ఉంది. ఇనుప రేకుల పక్క నుంచి బురద తప్పించుకుంటూ పాల కాలనీ వెనక వీధిలోకి వెళ్లేసరికి ఇక ఎవరినీ దారి అడిగే పని లేకపోయింది. పులిసిన పిండి వాసన తనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది.

గేటు లోపల ప్లాస్టిక్ కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ముందు చిన్న గిన్నెలో పిండి. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, తల ఊపి, గిన్నె పక్కన పెట్టింది. ఆమె లలితాంబ. ఒక్క గ్రైండరుతో ఇంట్లోనే పిండి రుబ్బి అమ్మడం మొదలుపెట్టిన మనిషి. ఇప్పుడు వ్యాపారం చూసుకునేది ఆమె కోడలు కౌముది.

"పంపు డాక్టరా?" అంది నా చేతిలోని గొట్టాన్ని చూసి.

"అవునమ్మా. శ్రీరామచంద్ర."

"లోపలికి పో నాయనా. మా కోడలు పొద్దున్నుంచి ఏమీ తినలేదు. నీ మీద అరిస్తే మనసులో పెట్టుకోవద్దు. కడుపులో నాలుగు ఇడ్లీలు పడితే అదే చల్లబడతాది."

కౌముదికి నలభై ఏళ్లుంటాయి. చెవి దగ్గర ఫోను, రెండో చేతిలో ఇంకో ఫోను. నన్ను చూడగానే రెండూ పెట్టేసి, గోడ వారగా వరసలో పెట్టిన స్టీలు బకెట్లను చూపించింది. కడిగి బోర్లించి ఉన్నాయి.

"చూసినారా అంకుల్, తయారుగా పెట్టుకున్నా. సాయంత్రం లోపల రెండు కల్యాణ మండపాలకు, హోటళ్లకు పిండి పోవాల. తొట్టిలో పిండి పొంగతా ఉండాది. అది మనకోసం ఆగదు గదా. మీ పంపు నడిస్తే నడిపించండి. లేదంటే చుమ్మా, ఊరికే చోటు అడ్డం ఎందుకు? తీసుకోని పోండి. బకెట్లే మేలు."

"ఒక గంట ఇవ్వమ్మా."

"గంట కాదు, పిండి తొట్టి అంచు దాకా వచ్చేంతవరకే." అంటూ మోగుతున్న ఫోను తీసుకుని అవతలికి వెళ్లిపోయింది.

పంపు పక్కన ఒక ఆడమనిషి నిలబడి ఉంది. యాభై దాటిన వయసు. కుడి భుజం కాస్త కిందికి జారినట్టుంది. కౌముది దూరంగా వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది.

"సారే, నా పేరు అంజలై. దీన్ని నడిపేది నేనే. దీన్ని పంపించేయొద్దు సారే."

"ఎందుకమ్మా?"

ఆమె కుడి చెయ్యి పైకెత్తింది. భుజం దాకా వచ్చి ఆగిపోయింది. అంతకు మించి లేవలేదు.

"పెద్దమ్మ కాలం నుంచి ఈడ పిండి మోసినా. తొట్టిలో తోడేది, ఆ మెట్లెక్కేది, ప్యాకింగు మిషను నోట్లో పోసేది. భుజం పట్టేసింది. ఇంక బకెట్ ఎత్తితే చెయ్యి నీది కాదు అన్నాడు డాక్టరు. సరే, ఇంటికి పోవాల్సిందే అనుకుంటా ఉంటే ఇది వచ్చింది. బటన్ నొక్కితే చాలు, పాపం, అదే మోస్తాది. ఇది పోతే నేనూ పోవాల్సిందే. ఇంట్లో కూర్చోని ఏం చేసేది, సీరియల్ చూసి ఏడ్చేదా?"

"చూద్దాం, ఏడవనిద్దామా వద్దా అని." అన్నాను. ఆమె నవ్వింది గానీ పంపు మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఈ రకం పంపు గురించి తెలియని వాళ్లకు రెండు మాటలు చెప్పాలి. గుండ్రటి ఇనుప డొక్కలో గుర్రపు నాడాలాగా వంచిన లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది. మధ్యలో తిరిగే చక్రానికి ఉబ్బెత్తుగా రెండు మెట్టలు ఉంటాయి. అవి గొట్టాన్ని అదుముతూ తిరుగుతాయి. అదిమిన చోటికి ముందున్న పిండి ముందుకు పోతుంది, వెనక గొట్టం మళ్లీ పొంగి కొత్త పిండిని లాక్కుంటుంది. మన పేగులు చేసే పనే. పిండిని కోసే రెక్కలు, చిలికే పళ్లు ఇందులో ఏమీ లేవు. పులిసిన పిండిలోని గాలి చెదరదు, ఇడ్లీ పొంగు తగ్గదు. అందుకే కౌముది దీన్ని ఎంచుకుంది. మెట్టలు రాసుకుని రబ్బరు అరిగిపోకుండా డొక్కలో గ్లిజరిన్ పోసి ఉంచుతారు. అది ఎంతుందో చూసుకోవడానికి పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది.

"నడుపమ్మా, చూస్తాను." అన్నాను.

అంజలై బటన్ నొక్కింది. మోటారు మూలిగింది. అవతల ప్యాకింగు మిషను మీద పిండి ధారగా పడాల్సింది, చిన్నపిల్లవాడు అన్నం వద్దని ఉమ్మినట్టు ముద్దలు ముద్దలుగా పడుతోంది. డొక్క మీద చెయ్యి పెట్టాను. పెట్టిన వెంటనే తీసేశాను.

"జ్వరం గదా?" అంది అంజలై.

"గట్టి జ్వరమే."

పంపులకు వచ్చే జబ్బుల్లో చాలా వరకు పంపులో ఉండవు. అందుకని ముందు తొట్టి నుంచి వచ్చే పైపు చూశాను. పొట్టిగా, వెడల్పుగా, బాగానే ఉంది. వాల్వు పూర్తిగా తెరిచే ఉంది. పిండి ఈ మధ్య గట్టిగా రుబ్బుతున్నారా అని అడిగితే, గేటు దగ్గర నుంచి లలితాంబ గొంతు వినిపించింది. "నా పిండి నేను పుట్టింటి నుంచి తెచ్చుకున్నప్పుడు ఎట్లుండిందో ఇప్పుడూ అట్లే ఉండాది!" సరే, పిండి నిర్దోషి. తర్వాత ప్యాకింగు వైపు పైపు మలుపు విప్పి చూశాను. ఎండి గడ్డకట్టిన పిండి ఉంటుందేమోనని ఆశపడ్డాను. శుభ్రంగా ఉంది. అంజలై రోజూ కడుగుతుందట. చక్రం వేగం ఎవరూ పెంచలేదు. కరెంటు సరిగానే ఉంది.

పంపు ఆపించి గాజు కిటికీ దగ్గర వంగాను. లోపల తేటగా ఉండాల్సిన గ్లిజరిన్ పాలలా తెల్లగా ఉంది.

నాకు మనసు చివుక్కుమంది. గొట్టానికి చిల్లు పడి పిండి డొక్కలోకి కారుతోందన్న మాట. కౌముదిని పిలిచి అదే చెప్పాను.

"సరే అంకుల్, చిల్లు పడింది." అంది. "మొదటిదీ పోయింది, రెండోదానికీ చిల్లు పడింది. మీరు తెచ్చిన మూడోదానికి పడదని ఏం గ్యారంటీ?"

న్యాయమైన ప్రశ్న. గొట్టం నాసిరకం అయ్యుండొచ్చు అన్నాను. ఆ మాట నాకే నచ్చలేదు. అదే రకం గొట్టం దీపావళికి ముందు అన్ని నెలలు ఎలా పని చేసింది మరి?

"విప్పి చూస్తే తెలుస్తుంది. కానీ డొక్క చల్లబడాలి. ఇప్పుడు ముట్టుకుంటే వేళ్లు కాలతాయి."

"చల్లబడేలోపల రెండు ఇడ్లీ తిందురు రండి!" అంది లలితాంబ. ఆమె కుర్చీ ఎప్పుడు లోపలికి వచ్చిందో నేను చూడలేదు. "కౌముదీ, నువ్వు కూడా. ఏమే అంజలై, ప్లేట్లు తే."

"అత్తయ్యా, ఇప్పుడా..."

"ఇప్పుడే. పంపుకు జ్వరం. నీక్కూడానా?"

వెనకనున్న చిన్న గదిలో కూర్చున్నాం. అంజలై ఎడమ చేత్తోనే వడ్డించింది. ప్లేటులో పొడి వేసి, మధ్యలో వేలితో గుంట చేసి, అందులో నువ్వుల నూనె పోసింది. ఇడ్లీ తుంచితే ఆవిరి వచ్చింది. కస్తూరి పోయాక నేను ఇడ్లీలు తినడం తగ్గించాను. ఒక్కడి కోసం ఇడ్లీ పాత్ర పొయ్యి మీద పెట్టబుద్ధి కాదు. ఇక్కడ అడగకుండానే మూడో ఇడ్లీ, నాలుగో ఇడ్లీ వచ్చి పడ్డాయి. కౌముది నిలబడే రెండు తిని, తర్వాత కూర్చుని ఇంకో రెండు తింది. లలితాంబ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది. నిజమే, కోడలి గొంతు మెత్తబడింది.

"అరిచినందుకు ఏమీ అనుకోవద్దు అంకుల్. మండపం వాళ్లు పొద్దున్నుంచి ప్రాణం తీస్తా ఉండారు."

"నువ్వు అరవలేదమ్మా. బకెట్లు చూపించావు, అంతే."

తిరిగి పంపు దగ్గరికి వచ్చాను. డొక్క గోరువెచ్చగా ఉంది. పానా తీసుకుని వంగాను. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

గాజు కిటికీలో పాలలాంటి తెలుపు లేదు. కింద తేటగా గ్లిజరిన్. దాని మీద, గీత గీసినట్టుగా, బంగారు రంగు పట్టీ.

ముందుకు జరిగి, కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని చూశాను. పట్టీ అక్కడే ఉంది. పంపు తిరిగినంతసేపూ రెండూ చిలికి తెల్లగా కనిపించాయి. మేం ఇడ్లీలు తింటున్నంతసేపూ కదలకుండా ఉండేసరికి దేనికది విడిపోయింది. పిండే అయితే అడుగుకు దిగాలి గానీ పైకి తేలదు. అంటే చిల్లు లేదు. పైకి తేలేది మరేదో డొక్కలో ఉంది.

డొక్క పైనున్న మూత విప్పి, పొడుగాటి స్క్రూడ్రైవరు ముంచి తీశాను. వాసన చూశాను. అది వెతుక్కోవలసిన వాసన కాదు. నా వేళ్లకు ఇంకా అంటుకుని ఉన్న వాసనే.

"ఇందులో నువ్వుల నూనె ఎవరు పోశారు?"

"నేనే సారే!" అంది అంజలై.

తప్పు ఒప్పుకుంటున్న గొంతు కాదు. బాగా చదివే పిల్ల క్లాసులో చెయ్యెత్తినట్టు చెప్పింది.

"నువ్వా? ఎందుకు?"

"దీపావళికి తలంటు పోయాల గదా? గ్రైండర్లన్నిటికీ పోసినా, దీనికి మాత్రం పోయకుంటే ఎట్లా? ఇదీ ఈ ఇంటి మనిషే గదా. ఆడ మూత తీసి ఒక గరిటె పోసినా."

కౌముది చేతిలోని ఫోను మోగుతోంది. ఆమె ఎత్తలేదు.

"దీపావళికి ఒక్కసారేనా?" అన్నాను.

"కాదు సారే. దీపావళి అయినాక దీనికి ఒళ్లు వేడి చేసింది. వేడికి నూనె మంచిది గదా. అప్పుటి నుంచి ప్రతి శుక్రవారం పోస్తా ఉండాను. లోపల నిండిపోతే కింద బోల్టు వదులు చేసి కొంచెం తీసేసి మళ్లీ పోస్తాను."

"శుక్రవారమే ఎందుకు?"

నేనింత తెలియనివాణ్ణని ఆమె అనుకోలేదు. "మగోళ్లకు శనివారం, ఆడోళ్లకు శుక్రవారం గదా సారే? పొద్దున లేచింది మొదలు చీకటి పడేదాకా నోరెత్తకుండా చాకిరీ చేస్తాది. మరి ఇది మగదెట్లా అవుతాది?"

లలితాంబ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు వచ్చింది గానీ కౌముది ముఖం చూసి మింగేశాను. డొక్క అడుగు బోల్టు తీసి అంతా ఒక బేసిన్లోకి వదిలాను. మూత విప్పి పాత గొట్టం బయటికి లాగాను. కొత్త గొట్టం పక్కనే పెట్టాను. మాటలతో పని లేకపోయింది. కొత్తది బిగువుగా, గోటితో నొక్కితే గోరే వంగేలా ఉంది. పాతది రాత్రంతా నానబెట్టిన మినపగుండులా ఉబ్బి ఉంది. గోరు పెడితే దిగింది.

"ఈ రబ్బరుకు నూనె పడదు." అన్నాను, వీలైనంత మెల్లగా. "నూనె తాగి ఉబ్బుతుంది. ఉబ్బితే మెట్టలకు ఇరుకై వేడెక్కుతుంది. పైగా మెత్తబడిపోతుంది, అదిమాక మళ్లీ పొంగదు. పొంగకపోతే పిండిని లాక్కోలేదు. దీని జబ్బంతా ఇదే."

అంజలై పాత గొట్టాన్ని ముట్టుకుంది. చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆమె ముఖంలో నుంచి సంతోషం ఎలా దిగిపోయిందో చూడలేక నేను బేసిన్ వైపు చూశాను.

"అంటే... నేనేనా సారే?"

"నువ్వే అక్కా!" అంది కౌముది. "నువ్వే! నేను కంపెనీవాళ్లను తిడతా ఉండాను, ప్రేమ్‌నాథ్‌ను తిడతా ఉండాను, ఈ పెద్దాయన్ను వానలో బస్సులో రప్పించినాను. నువ్వేమో వారం వారం దానికి నూనె తాగిస్తా ఉండావు!"

"దాన్నెందుకు అంటావు?" అంది లలితాంబ. "నేర్పించింది నేను. ఒక్క గ్రైండరు ఉన్నప్పుటి నుంచి దీపావళి తెల్లారుజామున మనకంటే ముందు దానికే నూనె. నీ పెళ్లైన ఏడు నువ్వు కూడా పెట్టినావు, మరిచిపోయినావా?"

"అది రాయి అత్తయ్యా! రాయికి నూనె పెడితే ఏమైతాది? ఇది రబ్బరు."

"రబ్బరని మాకెవరు చెప్పినారు? బయట చూస్తే ఇనుమే గదా."

నిజంగానే ఎవరూ చెప్పలేదు. బిగించిన రోజున ప్రేమ్‌నాథ్ మనుషులు బటన్ ఎక్కడ నొక్కాలో చూపించి వెళ్లిపోయారు. కానీ కోపం వచ్చిన మనిషికి ఎవరో ఒకరి మీద అది దిగాలి.

"సరే. జబ్బు తెలిసింది, పంపు ఉంటాది." అంది కౌముది. "అక్క మాత్రం ఇంక దీని దగ్గరకు రావద్దు. ప్యాకెట్ల ట్రేలు చూసుకో."

"ట్రేలు ఎత్తాల గదమ్మా." అంది అంజలై.

ఆమె వెళ్లి గోడకు ఆనుకుని నిలబడింది. పంపు మిగిలింది, తను పోతోంది. ఒక గంట ముందు ఆమె అడిగింది ఇందులో సగమే నెరవేరింది.

పని ఆగడానికి లేదు. డొక్క లోపలి జిడ్డు పూర్తిగా పోవాలి, చుక్క మిగిలినా కొత్త గొట్టానికి చేటే. వేడి నీళ్లు, సబ్బు అడిగాను. గోడ దగ్గర నుంచి చిన్న గొంతు వచ్చింది.

"తలంటు జిడ్డు సబ్బుకు పోతాదా సారే? శీకాయ ఉండాది, తెచ్చేదా?"

కౌముది గిర్రున తిరిగింది. తిట్టబోయిందేమో, నవ్వు ముందుకొచ్చి ఆపేసింది. పెదవులు బిగించుకుని మళ్లీ ఫోనులోకి చూసింది.

"సబ్బు చాలమ్మా." అన్నాను. "కానీ నాకు నడుం వంగదు. ఎవరైనా తోమిపెట్టాలి."

అంజలై కౌముది వైపు చూసింది. కౌముది చూడనట్టు నటించింది. అంజలై వచ్చి మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ చేత్తో, పసిబిడ్డ చెవుల వెనక తుడిచినట్టుగా డొక్క మూలమూలా తోమింది. మూడుసార్లు నీళ్లు మార్చింది. పొడి గుడ్డతో తుడిచి, నా చెయ్యి పట్టుకుని లోపల రాయించింది. వేలు కిర్రుమంది.

ఆమె అవతల గుడ్డలు పిండుతుండగా నేను కౌముది దగ్గరికి వెళ్లాను.

"ఒక మాట చెప్పనా అమ్మా? నేను మనలిలో ఎన్నో ఫ్యాక్టరీలు చూశాను. పంపు పెట్టిన రోజున గాజు కిటికీ చూసేవాళ్లు. మళ్లీ పంపు పాడైన రోజునే చూసేవాళ్లు. వారానికొకసారి చెయ్యి పెట్టి వేడి చూడండయ్యా, మూత తీసి లోపలికి తొంగి చూడండయ్యా అని బతిమాలాను. బోర్డులు రాసిపెట్టాను. ఎవరూ చెయ్యలేదు. ఇక్కడ ఎవరూ చెప్పకుండానే ఒక మనిషి శుక్రవారం తప్పకుండా చేస్తోంది. నేను అడిగిందంతా చేస్తోంది. సీసాలో ఉన్నదొక్కటే తప్పు."

"అది తక్కువ తప్పా అంకుల్?"

"కాదు. గొట్టాన్ని చంపింది. కానీ సీసా మార్చడం ఒక్క నిమిషం పని. ఇలా చూసుకునే మనిషిని తీసుకురావడం నావల్ల కాదు, ప్రేమ్‌నాథ్ వల్లా కాదు."

ఆమె మోగుతున్న ఫోను తీసుకుంది. నేనూ పొడిగించలేదు.

కొత్త గొట్టం ఎక్కించడం చూడముచ్చటగా ఉంటుంది. ఒక చివర నోట్లో పెట్టి మోటారును కొద్దికొద్దిగా తిప్పితే పంపే దాన్ని మింగుతుంది. బటన్ దగ్గర కౌముది నిలబడింది. "నొక్కు... చాలు... నొక్కు..." అంటున్నాను నేను. ఆమె రెండుసార్లు ఎక్కువ నొక్కింది, గొట్టం అవతలి వైపు నుంచి నాలుక బయటపెట్టింది. వెనక్కి తిప్పి మళ్లీ మొదలుపెట్టాం. గోడ దగ్గర అంజలై బొటనవేలు నా మాటలకు తగ్గట్టు చీర కుచ్చెళ్ల మీద నొక్కుతూ, వదులుతూ ఉంది. తనకు తెలియకుండానే.

గొట్టం కుదురుకుంది. మూత బిగించాను. సంచిలో తెచ్చుకున్న గ్లిజరిన్ డబ్బా తీసి, గాజు కిటికీ మీది గీత దాకా పోశాను.

"కౌముదీ!" అని లలితాంబ కేక వేసింది. "తొట్టి చూడు!"

పిండి అంచు దాటింది. తెల్లటి గోపురంలా లేచి, ఒక పక్కన మెల్లగా కిందికి జారడం మొదలుపెట్టింది. కౌముది దాని వైపు చూసింది, వరసగా ఉన్న బకెట్ల వైపు చూసింది, చివరికి గోడ వైపు చూసింది.

"అక్కా, వచ్చి బటన్ నొక్కు."

అంజలై కదల్లేదు. "నాకొద్దమ్మా. రేపు దానికి మళ్లీ ఏమన్నా అయితే, అంజలై చెయ్యి పడింది, అందుకే అంటారు. మీరే నొక్కుకోండి."

"అబ్బో, దీనికి రోషం!" అంది లలితాంబ.

"ఉండదా పెద్దమ్మా? బకెట్లు మోసేటప్పుడు భుజమే పోయింది. రోషమన్నా మిగిలుండొద్దా?"

పిండి నేల మీద పడింది. కౌముది పంపు వెనక్కి వంగి, అక్కడ దాచి ఉన్న నూనె సీసా తీసింది. తెచ్చి అత్తగారి ఒళ్లో పెట్టింది. "ఇది ఇడ్లీ పొడికి మాత్రమే. ఇద్దరికీ చెప్తా ఉండాను." తర్వాత నేను కింద పెట్టిన గ్లిజరిన్ డబ్బా ఎత్తి, అంజలై దగ్గరికి నడిచి, ఆమె ఎడమ చేతికి అందించింది.

"శుక్రవారం దీనికి ఇది. గీతకు కింద ఉంటేనే పోయాల, లేకుంటే లేదు. నేను కూడా వచ్చి చూస్తాను. నాకేం తెలుసక్కా, నేను కూడా ఆ కిటికీలోకి ఒక్కనాడూ చూసింది లేదు. రా. పిండి పోతా ఉండాది."

అంజలై డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది. మూత తీసి వాసన చూసింది. ముక్కు చిట్లించింది.

"దీనికి వాసనే లేదు గదమ్మా. ఇది పోస్తే తలంటు పోసినట్టే ఉండదు."

"దానికి ముక్కు లేదులే, రా!"

అప్పుడు వచ్చింది. పైటకు చేతులు తుడుచుకుని, పైపు వెంబడి ఒకసారి నడిచి, రెండు వాల్వులూ ముట్టుకుని చూసి, బటన్ నొక్కింది.

మోటారు మూలగలేదు. డొక్కలో మెత్తగా, నిదానంగా, నిద్రపోయే మనిషి ఊపిరిలాంటి చప్పుడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత అవతల ప్యాకింగు మిషను నోట్లో పిండి పడింది. ముద్దలు కాదు, ధార. అక్కడున్న అమ్మాయిలు "వచ్చింది, వచ్చింది!" అని అరిచారు. తొట్టిలోని గోపురం మధ్యలో చిన్న గుంట పడి, మెల్లగా కిందికి దిగింది.

కౌముది అప్పటికే మండపం వాళ్లతో ఫోనులో గట్టిగా మాట్లాడుతోంది. ఈసారి అరుపు కాదు, ధైర్యం.

నేను డొక్క మీద అరచెయ్యి ఉంచాను. చల్లగా ఉంది. పక్కనే అంజలై కూడా ఉంచింది.

"జ్వరం లేదు సారే."

"లేదు. మధ్యలో ఎప్పుడైనా ఇలాగే చెయ్యి పెట్టి చూడు. వేడిగా ఉంటే ఆపెయ్యి, నాకు ఫోను చెయ్యి."

"వచ్చేస్తారా?"

"ఇడ్లీ పెడతానంటే వస్తాను."

"ఆ మాట పెద్దమ్మ దగ్గర అనొద్దు, మిమ్మల్ని పిలవడానికే రోజూ చెడగొడతాది దీన్ని." అంది. మళ్లీ అడిగింది. "సారే, ఒక్కటి చెప్పండి. లోపల ఏమీ పోయకూడదు, సరే. బయట బొట్టు పెట్టుకోవచ్చా?"

"బయట ఇనుమేనమ్మా. నీ ఇష్టం."

కుంకుమ వెతకడానికి ఆమెకు తీరిక లేదు. ప్యాకింగు వాళ్లు ఇంకా వేగం కావాలని కేకలు వేస్తున్నారు. తొట్టి అంచు మీద జారిన పిండిని ఉంగరం వేలితో తీసి, డొక్క మీద, సరిగ్గా నడినెత్తిన, గుండ్రంగా బొట్టు పెట్టింది. ఫోనులో మాట్లాడుతూనే కౌముది అది చూసింది. చూసి, ఇటు తిరిగి తొట్టి దగ్గర నేల మీద పడిన పిండిని తుడవడానికి తనే గుడ్డ తీసుకుంది.